నాలుగో నంబరు లాంచీ ఆలస్యం

జనవరి 12

బాబాయికి,

నిన్న ఫోన్లో నేను "ఉద్యోగం మారాను" అంటే నువ్వు "ఊరు మారావా, ఎందుకే?" అన్నావు. "ఊరు కాదు, ఉద్యోగం!" అని అరిస్తే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారు గానీ నీకు మాత్రం వినపడలేదు. ఇన్నేళ్లు లాంచీ ఇంజిన్ పక్కన నిలబడి చెవులు రెండూ దానికే రాసిచ్చేశావు. ఇక మీదట మనకి ఉత్తరాలే గతి. పైగా ఉత్తరమైతే నువ్వు మధ్యలో "సరే, ఉంటా" అని పెట్టెయ్యలేవు.

సంగతేమిటంటే, నీకు జీతమిచ్చే జలరవాణా సంస్థే ఇప్పుడు నాకూ ఇస్తోంది. కాకపోతే నువ్వు నీళ్ల మీద, నేను హెడ్డాఫీసు తొమ్మిదో అంతస్తులో. నా కుర్చీలోంచి చూస్తే పక్క బిల్డింగు మీది ట్యాంకు తప్ప నీళ్లన్న మాటే కనపడదు.

నా పనేమిటో చెబుతాను, నవ్వకు. మీ లాంచీల కప్పు మీద ఒక చిన్న పెట్టె బిగించారు కదా. లాంచీ ఎక్కడుందో, ఎప్పుడు కదిలిందో అది మా కంప్యూటర్లకి చెబుతూనే ఉంటుంది. ఆ సమాచారం బయటివాళ్లు కూడా వాడుకోవడానికి మా సంస్థ ఒక ఏపీఐ పెట్టింది. ఏపీఐ అంటే టికెట్ కౌంటర్ కిటికీ అనుకో. లోపల ఏ బీరువాలో ఏముందో బయటివాడికి అక్కర్లేదు. కిటికీ దగ్గరికొచ్చి పద్ధతిగా అడిగితే కావలసింది చేతికొస్తుంది. అడిగేది మనుషులు కాదు, వాళ్లు రాసిన ప్రోగ్రాములు. ఎవరైనా డెవలపరు మా కిటికీని వాడుకుని ఫోన్‌కి ఒక యాప్ తయారుచేస్తే, జనం ఇంట్లో కూర్చునే లాంచీ ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

చిక్కల్లా, కిటికీ తెరిచి ఆర్నెల్లయినా ఎవరూ రాలేదు. పందిరి వేశాం, పెళ్లివారు లేరు. డెవలపర్లని బతిమాలో బుజ్జగించో అక్కడికి తీసుకురావడం, వచ్చినవాళ్లు పారిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఏడాది చివరికీ ఇలాగే ఉంటే కిటికీ మూసేస్తామని మా డైరెక్టరుగారు మొదటిరోజే చెప్పారు. దాని ముందు కూర్చున్న నన్ను కూడా అని ఆయన అనలేదు గానీ, ఆ మాత్రం నేను అర్థం చేసుకోగలను.

నీకు తెలిసిన డెవలపర్లు ఎవరైనా ఉంటే చెప్పు. బదిలీ అయి వెళ్లిన కొత్త రేవు ఎలా ఉంది? పిన్ని మోకాలు ఎలా ఉంది?

నీ పిట్ట

జనవరి 25

పిట్టా,

చుక్కాని పట్టే చేత్తో పెన్ను పడితే అక్షరాలు కూడా ఒడ్డుకీ నీళ్లకీ ఊగుతున్నాయి. సర్దుకుని చదువుకో.

నీ ఉద్యోగం సంగతి పిన్నికి చదివి వినిపించాను. "అంటే పిల్ల కిటికీ దగ్గర కూర్చుని దారినపోయేవాళ్లని పిలుస్తుందా? ఇంత చదువూ ఇందుకా?" అంది. నేను సర్దిచెప్పాను. నాకు పూర్తిగా అర్థమైందని కాదు, ఇంట్లో ఒక్కరికైనా అర్థమైనట్టు ఉండాలిగా.

కొత్త రేవు బాగానే ఉంది. నీళ్లు నిమ్మళం, మెట్లు నిటారు. లాంచీ కూడా కొత్తదే, అంటే నాకు కొత్త. పాతది సన్నగా, పిలిస్తే పలికేది. ఇది పొట్టిగా, లావుగా, గున్న ఏనుగులా ఉంటుంది. కదలమంటే ముందు ఒళ్లు విరుచుకుని, ఓసారి దగ్గి, అప్పుడు కదులుతుంది. గున్నమ్మ అని పేరు పెట్టాను. ఇంజిన్ మేస్త్రీ కూడా ఇప్పుడు ఆ పేరుతోనే తిడుతున్నాడు.

ఇక డెవలపర్లంటావా, వాళ్లకేం కొదవే? మా రేవు గోడ నిండా వాళ్ల బోర్డులే. ముగ్గురితో మాట్లాడాను. "మా అన్నయ్య కూతురు పెద్ద సంస్థలో ఉంది. డెవలపర్లు రావట్లేదని బెంగపెట్టుకుంది. మీరెళ్లండి" అన్నాను. మొదటాయన "స్థలం ఎంతండీ?" అన్నాడు. స్థలం కాదు, కిటికీ అన్నాను. "గోడ లేకుండా కిటికీ ఎలా పెట్టారు?" అన్నాడు. రెండో ఆయన నన్ను ఎగాదిగా చూసి లేచి వెళ్లిపోయాడు. మూడో ఆయన మాత్రం బంగారం. నదికి ఎదురుగా ఉంటే కిటికీ ఒక్కటైనా పర్లేదన్నాడు. నీ ఆఫీసు అడ్రసు ఇచ్చాను. వచ్చే వారం వస్తాడు, కాస్త మర్యాద చెయ్యి.

బాబాయి

తా.క. ఇది పిన్ని. మోకాలు బాగానే ఉంది, మెట్లే బాగాలేవు. ఆ వచ్చే ఆయనకి టీ ఇవ్వు, కిటికీ అమ్మెయ్యకు. తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఫిబ్రవరి 9

బాబాయికి, పిన్నికి,

మీ బంగారంలాంటి డెవలపరుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాన్ల చుట్ట. కింద రిసెప్షన్లో "డెవలపర్నండీ, మీ కిటికీ చూద్దామని" అన్నారట. ఆర్నెల్లుగా డెవలపరు మొహం చూడని ఆఫీసు కదా, మొత్తం లేచి నిలబడింది. డైరెక్టరుగారే ఎదురెళ్లి తన గదిలో కూర్చోబెట్టుకున్నారు. ఈయన "మీ వాడకంలో లోడ్ ఎంత పడొచ్చండీ?" అని అడిగారట. వచ్చినాయన "అది స్లాబుని బట్టి ఉంటుందండీ" అన్నారట. డైరెక్టరుగారు తల ఊపి ఆ మాట రాసుకున్నారు కూడా. ఇంకాసేపయ్యాక ఎందుకో అనుమానం వచ్చి నన్ను పిలిచారు.

బాబాయ్, నాక్కావలసింది ఇళ్లు కట్టే డెవలపర్లు కాదు, ప్రోగ్రాములు రాసే డెవలపర్లు. ముందే విడమరిచి చెప్పకపోవడం నా తప్పే. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. వెళ్తూ వెళ్తూ మా మీటింగు గది గోడ తట్టి "చెమ్మ దిగుతోంది, చూసుకోండి" అన్నారు. చూశాం. దిగుతోంది.

ఆ నవ్వులాట అయ్యాక, అసలు ఎవరూ ఎందుకు రావట్లేదో తెలుసుకుందామని నేనే బయటి మనిషిలా మా కిటికీ దగ్గరికెళ్లాను. పేరు నమోదు చేసుకోమంది. చేసుకుంటే, తాళంచెవిలాంటి ఒక సంకేతం పంపుతామంది. అది వచ్చేసరికి వారం. ఈలోగా చదువుకోమని ఇచ్చిన వివరణ రాసినవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. అందులో ఉన్న ఉదాహరణ పనిచెయ్యదు. పనిచెయ్యకపోతే ఎవర్నడగాలో లేదు. నేనే బయటిదాన్నయితే రెండోరోజే తిట్టుకుంటూ వెళ్లిపోయేదాన్ని. ఇలాంటి చోటికి ఎవరూ రావట్లేదని ఏడుస్తున్నామా అనిపించింది.

తాళంచెవి అడిగిన వెంటనే చేతికిచ్చేలా చేయించాను. వివరణంతా మళ్లీ మామూలు మాటల్లో రాశాను. మొదటి పేజీలోనే పది వరుసల ప్రోగ్రాము పెట్టాను. దాన్ని ఉన్నదున్నట్టు నడిపితే చాలు, తెరమీద లాంచీ చుక్క కనపడుతుంది. అనుమానాలు అడగడానికి ఒక వేదిక పెట్టి, ఎవరడిగినా జవాబు నేనే రాస్తున్నాను. తర్వాత ఒక కాలేజీ గదిలో శిక్షణ అని చాటింపు వేశాను. గదినిండా కుర్చీలు వేయిస్తే వచ్చింది ఇద్దరు. ఒకాయన గది పొరపాటుపడి వచ్చాడు. రెండో ఆవిడ చంకలో ఏడాది పాపతో వచ్చి "పాప నిద్రపోయినప్పుడే నాకు పని. త్వరగా చెప్పండి" అంది. పాప నిద్రపోలేదు, నా మైకు వైరు కొరుకుతూ కూర్చుంది. అయినా కాసేపటికి ఆవిడ తెరమీద చుక్క కదిలింది. "అరె, కదులుతోందండీ!" అని ఆవిడ అరిచిన అరుపుకి పాప చప్పట్లు కొట్టింది. బాబాయ్, ఆ ఒక్క అరుపు విన్నందుకు ఈ ఉద్యోగం మీద నాకు ప్రేమ పుట్టింది.

పాపాయి వాళ్లమ్మ ఒక యాప్ మొదలుపెట్టింది. పేరు 'పడవొచ్చిందా'.

మీ పిట్ట

మార్చి 21

పిట్టా,

నువ్వేదో మాయ చేశావే!

రేవులో ఎవరి చేతిలో చూసినా ఆ పడవొచ్చిందానే. నేను వంపు తిరగకముందే మెట్ల మీద జనం లేచి నిలబడి ఎదురుచూస్తున్నారు. ఊరేగింపులో పెళ్లికొడుకుని కూడా అలా చూడరు. ఇదివరకు ఎక్కగానే "ఎంతసేపండీ చూడ్డం" అని మొహం మాడ్చుకునేవాళ్లు, ఇప్పుడు "మిల్లు దగ్గర కాస్త నెమ్మదించారేం, ఒంట్లో బాగుందా?" అని నన్నే పరామర్శిస్తున్నారు.

అందరికీ చెప్పాను. ఈ యాపుకి సమాచారం పోసే కిటికీ తెరిచింది మా అన్నయ్య కూతురేనని ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి చెబుతున్నాను. వద్దన్నా వినట్లేదని మేస్త్రీ ఇంజిన్ గదిలోంచి పైకి రావడం మానేశాడు.

ఒక్కటే కష్టం. సాయంత్రం లాంచీ కట్టేశాక టీకొట్టు దగ్గర కాసేపు కూర్చుని "పనెక్కువైంది" అని ఇంటికెళ్లడం నాకు ఎన్నేళ్లనుంచో అలవాటు. నిన్న గుమ్మంలోనే పిన్ని ఫోన్ ఎత్తి చూపించి "మీ లాంచీ ఎప్పుడో పడుకుంది. మీరెక్కడ తిరుగుతున్నారు?" అంది. ఈ డెవలపర్ల కంటే ఆ డెవలపర్లే నయం.

సరేలే, నలుగురికీ మేలైతే నా టీ ఏపాటిది. ఇంకా పిలువు, ఇంకా రానీ.

బాబాయి

ఏప్రిల్ 19

బాబాయికి,

ఈ ఉత్తరం గాల్లో తేలుతూ రాస్తున్నాను.

పడవొచ్చిందా చూసి ఇంకొందరు వచ్చారు. ఒకాయన చూపులేనివాళ్ల కోసం లాంచీ వేళలు పైకి చదివి వినిపించే యాప్ చేశాడు. ఇద్దరు స్నేహితులు సరుకు ఏ లాంచీలో వస్తోందో కొట్లవాళ్లకి చెప్పేది చేశారు. దాంతో మేం కిటికీలో ఇంకో సౌకర్యం పెట్టాం. ఏ లాంచీ వేళకి బయల్దేరింది, ఏది ఆలస్యంగా బయల్దేరింది అన్నది కూడా అడగొచ్చు. వేళకి కదిలితే పచ్చచుక్క, లేకపోతే ఎర్రచుక్క.

మొన్న పెద్ద సభ. హాలు నిండా ప్రోగ్రాములు రాసేవాళ్లే. ఇంతమందిని ఎలా పట్టుకోవాలా అనుకుంటూ తెరమీద మా లాంచీలన్నీ చూపించాను. అన్నీ పచ్చచుక్కలు, ఒక్కటే ఎర్రచుక్క. నాలుగో నంబరు. ఏ రోజు ఉదయం చూసినా అదొక్కటే ఎరుపు. అప్పటికప్పుడు నోటికొచ్చింది: "ఈ లాంచీ నడిపే సరంగుగారికి ఇంట్లో గడియారం లేదో, ఉన్నా అది కూడా ఆయన భార్యలాగే ఆయన్ని నిద్రలేపలేకపోతోందో!" హాలు హాలంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. తర్వాత చెప్పిందంతా బుద్ధిగా విన్నారు. ఆ రోజు సాయంత్రానికి మా కిటికీ దగ్గర క్యూ కట్టారంటే నమ్ము. ఎవరో ఆ నవ్వుల ముక్క వీడియో తీసి అందరికీ పంపిస్తున్నారు. డైరెక్టరుగారు నన్ను లిఫ్టులో చూసి మొదటిసారి నవ్వారు.

నాలుగో నంబరు సరంగు ఎవరో గానీ, నా పాలిట దేవుడు. మీ గున్నమ్మ దగ్గు తగ్గిందా? చాలా రోజులైంది నీ ఉత్తరం చూసి.

నీ పిట్ట

మే 4

కిటికీ శాఖాధికారిణి గారి దివ్యసముఖమునకు,

నాలుగవ నంబరు లాంచీ సరంగు సవినయముగా వ్రాసుకొను విన్నపము.

అయ్యా, అనగా అమ్మా! తమరు సభలో సెలవిచ్చిన పలుకులు మా లాంచీలో ప్రయాణికులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లలో పెట్టి నాకు వినిపించిరి. నాకు చెవుడు కావున పెద్ద శబ్దముతో వినిపించిరి. అట్లు మాట్లాడుచున్నది నా అన్నయ్య కూతురేయని నేనే ఇంతకుముందు అందరికీ చాటియుండుటచే, వారు నా మొహము వంక చూచిరి. నేను నీళ్ల వంక చూచితిని.

ఇక రాయలేను ఈ భాష. పిట్టా, గున్నమ్మ నడుం మీద మనిషెత్తున నాలుగు అంకె ఉంది. తెలిసే అన్నావో తెలియక అన్నావో నాకు తెలీదు. తెలియకే అయ్యుంటుందని పిన్ని అంటోంది. సరే.

ఉదయం ఏడింటికి మా రేవులో, అంటే ఆస్పత్రి రేవులో, బయల్దేరాలి. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగేది కూడా ఏడింటికే. నర్సులు, ఆయాలు, తుడిచేవాళ్లు, రాత్రంతా నిలబడి ఉన్న కాళ్లతో ఆ నిటారు మెట్ల మీద పరుగెత్తుకుంటూ దిగుతారు. మళ్లీ లాంచీ గంటన్నరకి గానీ లేదు. మనిషి చెయ్యెత్తి పరుగెత్తుకొస్తుంటే తాడు విప్పే చెయ్యి నాకు లేదు. ఆగుతాను. ఆగిన కాసేపూ మిల్లు వంపు దాటాక లాగేసుకుంటాను. ఆఖరి రేవులో వేళకే దింపుతాను. అది మాత్రం మీ చుక్కకి కనపడదు కాబోలు.

ఇంకో తమాషా విను. నేను రోజూ ఆలస్యమని నీ కిటికీ లోకానికంతా చెప్పాక, ఆ ఆలస్యం లెక్కేసుకుని అందరూ ఇంకాస్త నింపాదిగా దిగుతున్నారు. వాళ్ల కోసం ఇంకాస్త ఆగుతున్నాను. చుక్క ఇంకాస్త ఎర్రబడుతోంది.

మీ ఎర్రచుక్క లెక్క చూపించి నిన్న మెమో పంపారు. జులై ఒకటి నుంచి నన్ను చుక్కాని మీంచి దించి, ఒడ్డున తాళ్ల గోడౌనులో వెయ్యాలని ప్రతిపాదన. సంజాయిషీ ఇమ్మన్నారు.

ఇట్లు, తమ పాలిటి దేవుడు

తా.క. పిన్నిని. మా ఇంట్లో గడియారం ఉంది. మీ బాబాయిని తెల్లారకముందే లేపేది నేనే. ఆ మాట కూడా తెరమీద పెట్టు.

మే 8

బాబాయికి, పిన్నికి,

ఉత్తరం చదివి మెట్లగదిలో కూర్చుని ఏడ్చాను. తర్వాత "ఇట్లు, తమ పాలిటి దేవుడు" దగ్గరికొచ్చి నవ్వాను. మళ్లీ ఏడ్చాను. అటుగా వచ్చిన డైరెక్టరుగారు ఏ వైపు చూడాలో తెలియక పైమెట్లెక్కి వెళ్లిపోయారు.

నిజంగా తెలీదు బాబాయ్. నువ్వు రాసింది గున్నమ్మ అని. మా తెరమీద మీరంతా అంకెలు. రేవులూ అంకెలే. ఆ అంకె వెనక మనిషి ఉంటాడని నాకు తట్టనే లేదు. నువ్వు కాకుండా ఇంకెవరైనా సరంగు అయ్యుంటే ఇప్పటికీ తట్టేది కాదు. అదే ఎక్కువ సిగ్గుగా ఉంది. పిన్నీ, ఆ గడియారం మాటకి నీ కాళ్లు పట్టుకుంటాను, మోకాలు నొప్పి లేని కాలు.

ఆ తర్వాత డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. "ఆలస్యం చూపించే సౌకర్యం కిటికీలోంచి తీసేద్దాం. ఎవరికీ ఎర్రచుక్క కనపడదు, మెమో సంగతి నేను మెల్లగా సర్దేస్తాను" అన్నారు.

ఒక్క మాట "సరే" అంటే అయిపోయేది. అనలేకపోయాను. ఇన్ని నెలలుగా డెవలపర్లకి నేను చెప్పింది ఒకటే: "మా కిటికీని నమ్మండి. ఇవాళ ఇచ్చింది రేపు లాక్కోం." పాపాయి వాళ్లమ్మ పాప నిద్రపోయిన కాస్త సేపట్లో కూర్చుని ఆ ఎర్రచుక్క మీద రాసిన పనంతా ఒక్క పూటలో పోతుంది. ఇంకోసారి పిలిస్తే ఎవరొస్తారు? మా వాళ్లకి ఇబ్బందైందని తీసేశామంటే, రేపు ఇంకెవరికి ఇబ్బందైతే ఇంకేం తీసేస్తామో!

కానీ నువ్వు గోడౌనులో తాళ్లు చుట్టుకుంటూ కూర్చోవడం నేను చూడలేను. నువ్వు తియ్యమంటే తీయించేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. చెప్పు.

పిట్ట

మే 15

పిట్టా,

తియ్యకు.

నిన్ను ఏడిపించినందుకు పిన్ని నాకు మూడురోజులు మాటలు బంద్ చేసింది. చెవుడు కాబట్టి నాకది రెండోరోజుకి గానీ తెలియలేదు. అది వేరే సంగతి.

నేను ఆలస్యంగా బయల్దేరడం అబద్ధమైతే తియ్యమనేవాణ్ణి. అది నిజమేగా. పైగా ఆ యాపు వచ్చాక చంటిపిల్లలతో వానలో నిలబడేవాళ్లు తగ్గారు. నా కోసం వాళ్లందర్నీ మళ్లీ చీకట్లో పెడతావా? నీ కిటికీ నన్ను సగమే చూపించింది, అదే నా ఏడుపు. దాచమని నేననను, పూర్తిగా చూపించమంటాను. బయల్దేరిన వేళ చూపించావు కదా, చేరిన వేళ కూడా చూపించు. అప్పుడు కూడా నేను తప్పని తేలితే తాళ్లు చుట్టుకుంటాను. తాళ్లతో నాకేం పగలేదు.

ఇంకోటి. నీ డెవలపర్లని ఒకసారి గున్నమ్మ ఎక్కించు. మిమ్మల్ని కూర్చోబెట్టడానికి చోటుంది, తినడానికి పిన్ని ఏదో ఒకటి చేస్తుంది. ఆ దేవుడి పేరు మాత్రం నాకు నచ్చింది, ఉంచుకుంటాను.

మీ బాబాయి

తా.క. నేను పిన్నిని. ఎంతమంది వస్తారో ముందే రాయి. చివర్లో చెబితే ఊరుకోను. పాపని తప్పకుండా తీసుకురమ్మను.

జూన్ 22

బాబాయికి, పిన్నికి,

మీ దగ్గర్నుంచి వచ్చి వారమైనా చెప్పుల్లో ఇంకా మీ రేవు ఇసక వస్తోంది.

ఆ ఉదయం మీరు గమనించారో లేదో, డెవలపర్లందరూ మొదట లాప్‌టాపుల్లోకే చూస్తున్నారు. ఏడయింది. తెరమీద చుక్క ఎర్రబడింది. "అదుగో, ఆలస్యం" అన్నాడు సరుకు యాపు అబ్బాయి. అప్పుడే పైనుంచి పరుగు చప్పుడు. ఆ నర్సు ఒక చేత్తో చెప్పులు పట్టుకుని వట్టికాళ్లతో దిగడం, ఆ వెనక మిగతావాళ్లు, ఆఖర్న ఆ పెద్దావిడ మెట్టుకో చెయ్యివేసి దిగడం, నువ్వు తాడు పట్టుకుని ఎటో చూస్తున్నట్టు నిలబడటం... అందరూ చూశారు. ఆ అబ్బాయి లాప్‌టాపు మూసేసి, వెళ్లి పెద్దావిడకి చెయ్యి అందించాడు. నేను సభలో వేసిన జోకు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఇక వార్తలు. చేరిన వేళ కూడా చెప్పేలా కిటికీని పెద్దది చేశాం. నేను మా వాళ్లతో పోట్లాడి తెరిపించాను, దానితో ఏం చెయ్యాలో పాపాయి వాళ్లమ్మ చేసింది. మన లాంచీలన్నిటి లెక్కా గీసి వేదిక మీద అందరికీ పెట్టింది. నాలుగో నంబరు రోజూ ఆలస్యంగా బయల్దేరుతుంది, రోజూ వేళకి చేరుతుంది. పచ్చచుక్కల్లో చాలా వాటికంటే ముందు చేరుతుంది. కింద ఒకే ఒక్క ప్రశ్న రాసింది: "లాంచీ ఆలస్యమా, టైమ్‌టేబులు తప్పా?"

ఆ ప్రశ్న నేనడిగితే బాబాయి కోసం అడిగాననేవాళ్లు. బయటివాళ్లు అడిగారు. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే అడిగారు. టైమ్‌టేబులు విభాగం పెద్దాయన కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి, అది వేసినప్పుడు ఆ పైన ఆస్పత్రే లేదని ఒప్పుకున్నాడు. జులై ఒకటి నుంచి ఆస్పత్రి రేవులో బయల్దేరే వేళ ఏడూ పది. మెమో వెనక్కి తీసుకున్నారు, కాగితం విడిగా వస్తుంది. కిటికీ ఏడాది చివర్న మూసే మాట కూడా ఇక లేదు. డైరెక్టరుగారు నాకింద ఇద్దర్ని వేస్తామంటున్నారు. వాళ్లకి మొదటివారం శిక్షణ గున్నమ్మ మీదే అని చెప్పేశాను.

పిన్నీ, పాప ఇంకా నీ చీర కొంగు ముక్క పట్టుకునే పడుకుంటోందట. అది ఎప్పుడు చింపిందో నాకు తెలీదు, ఒట్టు.

మీ పిట్ట

జులై 1

పిట్టా,

ఇవాళ ఉత్తరం నాది. మీ బాబాయి తా.క. కూడా రాయడు, ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

ఇవాళ కొత్త వేళ కదా. మనిషి నిన్నటినుంచే నేల మీద లేడు. చొక్కా తానే ఇస్త్రీ చేసుకున్నాడు. "ఇవాళ పచ్చచుక్కతో కదిలి చూపిస్తాను" అని మేస్త్రీకీ, టీకొట్టాయనకీ, దారిలో కనపడిన కుక్కకీ చెప్పాడు. నాకు ఆస్పత్రిలో మోకాలు చూపించుకునే పని ఉంటే పొద్దున్నే వచ్చి రాత్రి డ్యూటీ డాక్టరుకే చూపించుకున్నాను. ఆయన లాంచీలోనే ఇంటికొస్తానని చెప్పాను. తల ఊపాడు. ఏం విని ఊపాడో ఆయనకే తెలియాలి.

నేను మెట్లు దిగుతున్నాను. కింద నర్సులంతా ఎక్కేసి, కుదురుగా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ పరుగెత్తలేదు. చూస్తే కళ్లు చల్లబడ్డాయి. నేను ఆఖరి మలుపు తిరిగి, ఇంకో పది మెట్లుంటాయనగా ఏడూ పది అయింది. మీ బాబాయి గడియారం చూశాడు. తాడు విప్పించాడు. నేను "ఏమండీ!" అని అరిచాను. రేవంతా తిరిగి చూసింది, ఆయన తప్ప. నర్సులు లేచి నిలబడి చేతులూపారు. ఆయన తనకే అభినందనలు చెబుతున్నారనుకుని వాళ్లకి నమస్కారం పెట్టాడు. గున్నమ్మ ఓసారి దగ్గి, నా కళ్లముందే వెళ్లిపోయింది.

లోకంలో అందరికోసం ఆగిన మనిషి పెళ్లాన్ని ఒడ్డున వదిలేసి వెళ్లాడు.

రేవు బల్ల మీద కూర్చుని, మందుల చీటీ వెనక ఇది రాస్తున్నాను. టికెట్ కౌంటరాయన టీ తెప్పించి ఇచ్చాడు. గాలి బాగుంది. ఫోన్లో పడవొచ్చిందా తీసి బల్ల మీద పెట్టుకున్నాను. పచ్చగా మెరుస్తూ మిల్లు వంపు దాకా వెళ్లింది చుక్క. అక్కడ ఎందుకో ఆగింది. ఎవరో చెప్పేసి ఉంటారు.

వెనక్కి తిరగడానికి లేదు, అంతమందిని దింపి రావాలి. ఆఖరి రేవు చేరింది, వేళకే చేరింది. ఇప్పుడిటు తిరిగింది. ఎప్పుడూ లేనంత వేగంగా వస్తోంది. రానీ. నాకేం తొందర లేదు.

మీ పిన్ని